చదివినవారు చెప్పరాదు

మా డైరెక్టరు గారింట్లో చారు టమాటాలతో పెడతారన్న సంగతి రాష్ట్రమంతా పాకిపోవడంతో వచ్చింది ఈ గొడవంతా. ఎవరింట్లో చారు దేనితో పెట్టుకుంటే నీకేమిటమ్మా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే మాది రాష్ట్ర చింతపండు అభివృద్ధి మండలి. విజయవాడలో మా గేటు మీద సిమెంటు చింతకాయ ఉంటుంది. మా ఫైళ్ల అట్టల మీద "రోజూ చింతపండు, ఆరోగ్యం మెండు" అని అచ్చేసి ఉంటుంది. ఆ ముక్క రాసింది కూడా డైరెక్టరు గారే.

ఆయన పేరు ముక్తేవి పురుషోత్తం. బావమరిదికి ఒక సొంత మెయిలు రాసుకున్నారు. "ఒరే బుజ్జీ, చింతపండు తగిలితే చాలు, నాకు గుండెల్లో మంట. అది మా వంటింట్లోకి వచ్చి పదేళ్లయింది. మీటింగుల్లో మాత్రం పొగడక చస్తానా. ఇది నీ కడుపులో పెట్టుకో" అని. బావమరిది కడుపు అంత పెద్దది కాదు. తనతో షటిల్ ఆడేవాళ్లకు ఫార్వార్డ్ చేశాడు. వాళ్లు వాళ్ల చుట్టాలకు చేశారు. వారం తిరక్కుండా చింత రైతుల సంఘం వాళ్లు ఒక బస్తాడు చింతపండు తెచ్చి, "డైరెక్టరు గారి వంటింటికి ప్రేమతో" అని చీటీ కట్టి, మా వరండాలో దించి పోయారు.

మామూలు మనిషైతే బావమరిదితో పోట్లాడి ఊరుకుంటాడు. కానీ బావమరిది మీద ప్రభుత్వానికి అధికారం లేదు. అధికారం ఉన్నది మా మీద. అందుకని మా మీదకు సర్క్యులరు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, మండలి సిబ్బంది తమకు అందిన ఏ మెయిలునూ, ఏ కారణము చేతనూ, ఏ ఇతర వ్యక్తికినీ ఫార్వార్డ్ చేయరాదు. మెయిలు అనునది గ్రహీత మాత్రమే చదువదగినది. ఉల్లంఘించిన వారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

నా పేరు కనకమేడల సువర్చల. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుని, అప్పట్లో. ఉద్యోగుల బదిలీలు, ప్రమోషన్లు, సెలవులు అన్నీ నా టేబులు మీదుగానే పోయేవి. ఊళ్లో అందరి బదిలీలూ చూసే నా బదిలీ మాత్రం ఆరేళ్లుగా కదల్లేదు. మా ఆయన సాలూరు కాలేజీలో లెక్చరరు. కూతురు మేఘన తండ్రి దగ్గరే చదువుకుంటోంది. శనివారం బస్సెక్కి వెళ్లడం, ఆదివారం బస్సెక్కి రావడం. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అది "అమ్మా, మళ్లీ ఎప్పుడెళ్తావు" అని అడిగేది. ఎప్పుడొస్తావని అడిగే వయసులోనే ఆ ప్రశ్న తిరగబడిపోయింది. నాకు ఏడుపొచ్చేది. సాలూరులో మా శాఖాఫీసు ఒకటుంది. అక్కడ ఖాళీ వస్తే చాలని ఏటా దరఖాస్తు పెట్టుకుంటూ బతికేదాన్ని.

సరే, ఆ సర్క్యులరు సెక్షన్ హెడ్లకు మాత్రమే మెయిల్లో వచ్చింది. చదివాను. నా కింద వాళ్లకు తెలియాలంటే ఫార్వార్డ్ చేయాలి. చేస్తే నేరం. నోరు మూసుకుని ఊరుకున్నాను. మర్నాడు మా సెక్షన్లో ముగ్గురు అలవాటు చొప్పున ఏవో ఫార్వార్డ్ చేసి మెమోలు తిన్నారు. "మాకు తెలియదు మేడమ్" అన్నారు పాపం. చివరికి డైరెక్టరు గారు అందర్నీ హాల్లో నిలబెట్టి తనే చదివి వినిపించారు. అప్పటికింకా చదివి వినిపించడం నేరం కాలేదు.

ఇక్కడ మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. "తగు చర్య నిమిత్తం పంపడమైనది." ఈ ఒక్క వాక్యం మీద మా మండలి ముప్పై ఏళ్లు నడిచింది. తగు చర్య ఎవరూ తీసుకోలేదు గానీ పంపడంలో మాత్రం ఎవరూ వెనకాడలేదు. చెట్టుకు పురుగు పట్టిందని ఒక రైతు రాస్తే, ఆ ఉత్తరం మేడంతా తిరిగి మొదటి టేబులుకే వచ్చేసరికి పురుగు ముసలిదై చచ్చిపోయేది. సమస్య పరిష్కారమైందని రాసి ఫైలు మూసేవాళ్లం.

ఇప్పుడు పంపడం బంద్. మెయిలు ఎవరికొస్తే పని వారిదే.

మొదట దెబ్బతిన్నది అకౌంట్స్ ఆఫీసరు రషీద్ గారు. చెట్టుకు పురుగు పట్టిందని కంకిపాడు రైతు ఒకాయన పొరపాటున ఆయనకు రాశాడు. జమాఖర్చులు చూసే పెద్దమనిషి, మోకాళ్ల నొప్పులున్న మనిషి, పంచె ఎగ్గట్టి చెట్టెక్కాడు. అక్కడినుంచి నాకు ఫోన్.

"అమ్మా సువర్చలా, పురుగు కనబడిందమ్మా. దీన్నేం చేయాలో ఎవర్ని అడగమంటావు?"

"ఎవర్నీ అడక్కూడదు రషీద్ గారూ. అడిగితే పని ఇంకొకరికి పంపినట్టవుతుంది."

"మరి నేనూ అదీ ఇలా ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలా?"

ఏం చేశారో ఏమో, చెట్టు బాగుపడింది. మండలి నుంచి మనిషి రావడమే ఆ ఊళ్లో ఎవరూ ఎరగరట. రైతు సంబరపడి పేపరు వాళ్లకు చెప్పాడు. పేపర్లో రషీద్ గారి కాళ్లూ, చెట్టు కొమ్మా పడ్డాయి. అది చూసి సచివాలయం మెచ్చుకుంది. ఇదంతా ఫార్వార్డ్ నిషేధం మహిమేనని డైరెక్టరు గారు తేల్చారు. ఆ మెప్పు తలకెక్కి ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేకుండా పోయారు.

మా కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ మేనేజరు గోవర్ధన్ ముందు ఫార్వార్డ్ బటన్ తీసేశాడు. జనం కాపీ చేసి కొత్త మెయిల్లో అతికించారు. కాపీ ఆపేశాడు. జనం సెల్లుతో ఫొటోలు తీశారు. గుమ్మం దగ్గర చింతకాయలు ఎండబోసే తట్ట పెట్టి సెల్లులన్నీ అందులో వేయించారు. ప్రింటరును డైరెక్టరు గారి బాత్రూములో పెట్టి తాళం వేశారు. ఇక జనం చేయగలిగిన పని ఒకటే మిగిలింది. చదివి, పక్కవాడికి చెప్పడం.

దానికోసం "అగ్రప్రేషణ నివారణ స్థాయీ సంఘము" అని, అంటే ఫార్వార్డుల్ని ఆపడానికి, ఒక కమిటీ వేశారు. నన్నూ అందులో పడేశారు. మొదటి సమావేశంలో గోవర్ధన్ లేచి చేతులు కట్టుకున్నాడు.

"సార్, బటన్ తీసేశాను. కాపీ ఆపేశాను. ఇప్పుడు మనిషికి నోరు తీసేయమంటున్నారు. చదివినవాడు చెప్పకుండా ఆపే సాఫ్ట్‌వేర్ ఎక్కడా లేదండి. మనం ఒకసారి పంపామంటే అది అవతలివాడి ఇష్టమే."

"సాంకేతికంగా అసాధ్యమైనది పరిపాలనాపరంగా సాధ్యమే గోవర్ధన్ గారూ," అన్నారు డైరెక్టరు. "రాసుకోండి. జ్ఞాపకశక్తి ద్వారా జరుగు ప్రసారము కూడా ఫార్వార్డ్ కిందనే పరిగణింపబడును."

"మరి నవ్వితేనండీ?" అన్నాడు గోవర్ధన్ ఉక్రోషంగా.

వెటకారమని డైరెక్టరు గారికి తట్టలేదు. కాసేపు ఆలోచించి, "మంచి పాయింటు," అన్నారు. "ముఖకవళికల ద్వారా జరుగు పరోక్ష ప్రసారము. దాని పర్యవేక్షణ మీకే అప్పగిస్తున్నాను."

నోటి దూల అంటే అదీ. ఆ రోజునుంచి గోవర్ధన్ పని అందరి ముఖాలూ చూసుకుంటూ తిరగడం. మెయిలు చదివేటప్పుడు కనుబొమ మీదికి పోకూడదు. పెదవి పక్కకు పోకూడదు. నిట్టూర్పు నిషిద్ధం. మా టైపిస్టు ఒకావిడ కిసుక్కున నవ్వినందుకు మెమో తింది. ఆవిడ చదివింది పళ్లపొడి ప్రకటన. ఆ మాట సంజాయిషీలో రాయబోతే, మెయిల్లో ఏముందో చెప్పావంటూ రెండో మెమో ఇచ్చారు.

అన్నిటికంటే ఘోరం మళ్లీ రషీద్ గారికే జరిగింది. ఆయనది అకౌంట్స్ పోస్టు. స్టోర్సు పోస్టు ఖాళీగా ఉంటే అదీ ఆయనే ఇన్‌చార్జిగా చూస్తున్నారు. బస్తాలు తడుస్తున్నాయని అకౌంట్స్ ఆఫీసరుకు మెయిలొచ్చింది. ఆయన గబగబా స్టోర్సుకు పరిగెత్తి బస్తాలు జరిపించారు. అంతే. "అకౌంట్స్ ఆఫీసరు హోదాలో చదివిన సమాచారమును స్టోర్సు ఆఫీసరు హోదాలో గల తమకు తామే లీకు చేసుకొనినందుకు" అని మెమో వచ్చింది. రషీద్ గారు పాపం నిజాయితీగా జవాబు రాశారు: "పొరపాటైనది. మరచిపోవుటకు ప్రయత్నించుచున్నాను."

మేం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం, ముఖాలు కదలకుండా. నా నెత్తిమీదకు వచ్చేదాకా నాకూ అది తమాషాగానే ఉంది.

ఒక సోమవారం మధ్యాహ్నం మా ఆయన ల్యాండ్‌లైనుకు ఫోన్ చేశారు.

"సువర్చలా, నీ ఆర్డరొచ్చిందటే. సాలూరు శాఖాధికారిగా. ఇక్కడి ఆఫీసు వాళ్లే చెప్పారు. శుక్రవారం సాయంత్రంలోగా అక్కడ నిన్ను రిలీవ్ చేయకపోతే ఈ ఖాళీ ఇంకెవరికో పోతుందట. మీ డైరెక్టరు మెయిలుకే పంపారు. ఆయన చెప్పలేదూ?"

 ఫోన్లో వెనకనుంచి మేఘన "నాన్నా, అమ్మ ఒప్పుకుందా" అంటోంది. ఒప్పుకోవడమేమిటే పిచ్చిదానా అనుకున్నాను. ఏం చెప్పను? నా బతుకు నాలుగు గదుల అవతల ఒక కంప్యూటర్లో కూర్చుని ఉంది. దాన్ని చదివినాయన నాకు చెప్పకూడదు.

ఇక్కడే దేవుడు కొంచెం సరదా పడ్డాడు. అదే రోజు నా మెయిలుకు సచివాలయం నుంచి ఒక ఆర్డరు వచ్చింది. శ్రీ ముక్తేవి పురుషోత్తం గారిని, సమాచార గోప్యతలో వారు సాధించిన విశిష్ట కృషికి గాను, సుగంధ ద్రవ్యాల కమిషనరుగా నియమించడమైనది. శుక్రవారం ఆఫీసు వేళ ముగిసేలోగా చేరని పక్షంలో తరువాతి సీనియరుకు అవకాశం. ఆయన ప్రమోషను నా దగ్గర. నా బదిలీ ఆయన దగ్గర. చెప్పుకోవడానికి వీల్లేదు.

ఆయనకూ ఎవరో ఉప్పందించినట్టున్నారు. మంగళవారం పొద్దున్నే నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఎప్పుడూ కూర్చోమనని మనిషి.

"సువర్చల గారూ, ఈ మధ్య మీకు మెయిళ్లు... సక్రమంగా అందుతున్నాయి కదా?"

"అందుతున్నాయి సార్. తమకూ అందుతున్నాయనుకుంటాను."

"అందుతున్నాయి. మంచి మెయిళ్లేనా?"

"సార్, మంచిదో చెడ్డదో చెబితే సారాంశం చెప్పినట్టే. నా ముఖం చూడకండి. గోవర్ధన్ గారు గుమ్మంలో ఉన్నారు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూడకుండా గోడమీది చింతచెట్టు క్యాలెండరు చూస్తూ కూర్చున్నాం. ఆ రూలు రద్దు చేసేయొచ్చు కదా సార్ అన్నాను. చేయొచ్చట. కానీ రద్దు ముసాయిదా కమిటీ సభ్యులందరికీ పంపాలట. ఒకరినుంచి ఒకరికి పంపితే అది ఫార్వార్డట. పోనీ మళ్లీ పంపమని సచివాలయాన్ని అడగమన్నాను. మా రూలు వాళ్లకు తెగ నచ్చి, కిందటి వారమే వాళ్లూ పెట్టుకున్నారట. ఒకసారి పంపింది రెండోసారి పంపరు.

బుధ, గురువారాలు ఇలాగే గడిచాయి.  శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టరు గారు నా టేబులు దగ్గరకే వచ్చేశారు. ముఖం వెలిగిపోతోంది. గోవర్ధన్ రాసుకోబోయి, ఎవరిదో చూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్‌చార్జి," అన్నారు ఆయన. "నేను సాయంత్రం దాకా క్యాంపు వెళ్తున్నాను. డైరెక్టరు పోస్టు ఇన్‌చార్జి మీరు. మీ కుర్చీ ఖాళీ అవుతుంది కనుక దాని ఇన్‌చార్జి నేను. ఎవరి కుర్చీలో వారు, ఆ కుర్చీకి వచ్చిన మెయిలు చదువుకోవచ్చు. గ్రహీత అంటే కుర్చీయే కదా."

"క్యాంపు ఎక్కడికి సార్?"

"మీ సెక్షన్‌కే."

ప్రభుత్వోద్యోగి బుర్రంటే బుర్రే, ఒప్పుకోవాలి. ఆర్డర్లు రాసుకున్నాం. నేను వెళ్లి డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాను. కాళ్లు నేలకు అందలేదు. మెయిలు తెరిచాను. నా పేరు, సాలూరు పేరు ఒకే వాక్యంలో కనబడ్డాయి. చిన్నపిల్లలా ఏడ్చాను. ఆ ఏడుపు ముఖకవళికల కిందకు వస్తే రానీ అనుకున్నాను.

నా రిలీవింగ్ ఆర్డరు నేనే రాసుకుంటుంటే ఆయన మా సెక్షన్ నుంచి రొప్పుతూ వచ్చారు. చేతిలో తన రిలీవింగ్ ఆర్డరు.

"కమిషనర్ సువర్చల గారూ, కమిషనర్. ముందు దీనిమీద సంతకం పెట్టండి."

పెన్ను తీశాను. అప్పుడు వెలిగింది నాకు. ఆయన్ని రిలీవ్ చేస్తే డైరెక్టరు పోస్టులో మిగిలేది ఇన్‌చార్జిగా ఉన్న నేను. కొత్త డైరెక్టరు వచ్చేదాకా ఆ కుర్చీ వదలడానికి లేదు.

"మరి నేనెప్పుడు వెళ్లను సార్?"

"అదెంతలెండి," అన్నారాయన గోడవైపు చూస్తూ. "ఓ ఆర్నెల్లు. ఏడాది అనుకోండి. సాలూరు ఎక్కడికి పోతుంది? ప్రజాసేవలో కొన్ని త్యాగాలు తప్పవు."

అప్పుడర్థమైంది మధ్యాహ్నం ముఖం ఎందుకు వెలిగిందో. ఒళ్లు మండింది నాకు. "ఎప్పుడెళ్తావు" అని అడిగే పిల్లకు ఇంకో ఏడాది ఏం జవాబు చెప్పను? ఆయన కాగితం పక్కన పెట్టి, నా కాగితం మీద నేనే సంతకం పెట్టి, ముద్ర వేసి, కుర్చీలోంచి దిగాను.

"నేను రిలీవైపోయాను సార్. ఇన్‌చార్జి లేదు కనుక మీ క్యాంపు కూడా ముగిసింది. తమరు మళ్లీ డైరెక్టరు."

"అయితే మరీ మంచిది. నా ఆర్డరు నేనే పెట్టుకుంటాను. చార్జి రషీద్‌కు ఇచ్చి..."

"ఏ ఆర్డరు సార్? ఆ మెయిలు చదివింది ఇన్‌చార్జి సూపరింటెండెంటు పురుషోత్తం గారు. ఆయన డైరెక్టరు పురుషోత్తం గారికి చెప్పకూడదు. రషీద్ గారి మెమో తమరు సంతకం పెట్టిందే."

గుమ్మంలో నిలబడ్డ రషీద్ గారు నెమ్మదిగా తలూపారు. "మరిచిపోవడానికి ప్రయత్నం చేయాలండి," అన్నారు. గోవర్ధన్ తన ముఖాన్ని తనే పర్యవేక్షించుకోలేక బయటికి పరిగెత్తాడు. డైరెక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. గడియారం నాలుగు కొట్టింది.

సంచి తీసుకుని గేటు దాకా వచ్చాను. బస్సు దొరికే వేళ ఉంది. వెనక్కి చూస్తే, కిటికీలో ఆయన బట్టతల కనబడింది. ఏం చేస్తాం, ఆరేళ్లు ఒకే కప్పు కింద పనిచేసినవాళ్లం. కోపం ఉంది గానీ జాలి కూడా వేసింది. పైగా ఒక సంగతి తట్టింది. నేను రిలీవయ్యాను, సాలూరులో ఇంకా చేరలేదు. ఈ మధ్యకాలంలో నేను మండలి సిబ్బందిని కాను. ఆ బావమరిది లాంటి దాన్ని. నా నోటికి తాళం వేసే రూలు లేదు.

వరండాలో రైతుల బస్తా ఇంకా అలాగే ఉంది. ఒక గుప్పెడు చింతపండు తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లాను.

"సార్, నాకు ఒక మెయిలు బాగా జ్ఞాపకం ఉంది. బయటి మనిషిగా తమకు చెప్పగలను. కాకపోతే ముందు తమరు ఇది తినాలి."

"ఏమిటమ్మా ఇది?"

"రోజూ చింతపండు, ఆరోగ్యం మెండు."

ఆఫీసంతా కిటికీ చుట్టూ చేరింది. ఆయన నన్ను చూశారు, గడియారాన్ని చూశారు, కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నారు. పదేళ్ల తర్వాత కదా, ఆ ముఖంలో ఉన్న ప్రతి కండరమూ తలో దిక్కుకు పోయింది. కనుబొమలు నెత్తికెక్కాయి. అందరూ ఆ ముఖాన్ని కళ్లారా చదువుకున్నారు. గోవర్ధన్ ఒక్క ముక్క రాసుకోలేదు. నేను గొంతెత్తి, నంబరూ తేదీతో సహా, ప్రమోషను ఆర్డరు మొత్తం అప్పజెప్పాను. ఆయన రషీద్ గారికి చార్జి ఇచ్చి, పుల్లటి నోటితోనే కారెక్కారు. వేళకు చేరారని తర్వాత తెలిసింది.

తెల్లారేసరికి సాలూరులో దిగాను. నేను చెప్పులు విప్పుతుంటే మేఘన గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, మళ్లీ ఎప్పుడెళ్తావు?"

"వెళ్లనే," అన్నాను. అది నమ్మలేదు. నా చెప్పులు తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. సోమవారం ఆఫీసుకు మా ఆయన చెప్పులు వేసుకుని వెళ్లాల్సి వచ్చింది.

సాలూరుది చిన్న ఆఫీసు. శాఖాధికారి కుర్చీలో కూర్చుని మెయిలు తెరిచాను. మొదటి మెయిలు కమిషనరు పురుషోత్తం గారిది. మా మండలి కూడా ఆయన కిందకే వస్తుంది. రాష్ట్రంలోని శాఖాధికారులందరికీ ఒక్కొక్కరికీ విడివిడిగా పంపారు. ఈ రోజునుంచి అన్ని శాఖల్లోనూ ఫార్వార్డ్ నిషేధం, కాపీ నిషేధం, సెల్లు నిషేధం, చదివి వినిపించడం, చెప్పడం, నవ్వడం నిషేధం. సిబ్బందిచే తు.చ. తప్పక అమలు చేయించవలెను. చివర ఎర్ర అక్షరాల్లో: "ఈ మెయిలు గ్రహీత మాత్రమే చదువదగినది. ఇందలి విషయము ఏ ఇతర వ్యక్తికినీ, ఏ విధముగానూ తెలియరాదు."

"ఏముందండీ అందులో?" అని గుమాస్తా అడిగాడు.

కనుబొమ కదలకుండా జాగ్రత్తపడ్డాను. రూలు రూలే కదా. ఈనాటికీ మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.